టోడ్, ఫ్రాగ్: ఏ మాట ఎక్కడ?

తెలుగులో రెండింటినీ కప్ప అనే అంటాం కనుక, ఆంగ్లంలో రాసేటప్పుడు టోడ్ అనాలా, ఫ్రాగ్ అనాలా అన్న సందేహం తరచూ వస్తుంది.

పుట్టుక: ఫ్రాగ్‌కు ప్రాచీన ఆంగ్ల రూపం ఫ్రోగ్గ, జర్మన్ ఫ్రోష్ దానికి చుట్టం. టోడ్ ప్రాచీన ఆంగ్లంలోని తాడిగె నుంచి వచ్చింది కానీ, అంతకు వెనుక దాని మూలం ఇప్పటికీ తేలలేదు.

అర్థం: ఫ్రాగ్ అంటే నున్నని తడి చర్మం, పొడవైన వెనుక కాళ్లు. టోడ్ అంటే పొడిబారిన గరుకు చర్మం, పొట్టి కాళ్లు. శాస్త్రరీత్యా టోడ్‌లన్నీ ఫ్రాగ్‌లే. బుఫోనిడే కుటుంబపు జీవులే అసలైన టోడ్‌లు.

సంతానం: ఇతర మాటలకు పుట్టుకనివ్వడంలో టోడ్‌దే పైచేయి. తోకకప్పను సూచించే టాడ్‌పోల్‌లో మొదటి భాగం టోడే, రెండోది తలకు పాత పేరు. ముఖస్తుతి చేసేవాడిని టోడీ అనడం వెనుక కథ మరీ విచిత్రం: 17వ శతాబ్దంలో మాయవైద్యుల సహాయకులు, విషపూరితమని జనం నమ్మే టోడ్‌ను తిన్నట్టు నటించి, యజమాని మందుతో బతికి బయటపడ్డట్టు చూపేవారట.

ప్రమాదం: మనిషిని టోడ్ అంటే అది తిట్టే.

జాతి తెలియనప్పుడూ, అన్నిటినీ కలిపి చెప్పేటప్పుడూ ఫ్రాగ్ సురక్షితం. బొడిపెల చర్మంతో నేలమీద మెల్లగా గెంతే జీవిని వర్ణించేటప్పుడు టోడ్ వాడడమే సముచితం.