హార్డ్ డిస్క్ రొద తగ్గాలంటే ఏది మేలు? రబ్బరు, ఇలాస్టిక్, పక్క గది, ఎస్‌ఎస్‌డీ

విజయవాడలో ఏడాదికి ఎనిమిది తొమ్మిది నెలలు హార్డ్ డిస్క్ చప్పుడు ఎవరి చెవినా పడదు. నెత్తిన ఫ్యాన్ తిరుగుతుంటుంది, ఎండలు ముదిరాక కూలరో ఏసీయో తోడవుతుంది, ఆ హోరులో కంప్యూటర్ మూలుగు కలిసిపోతుంది. డిసెంబరులో చలి మొదలై రాత్రి ఫ్యాన్ ఆపేశాక అసలు సంగతి బయటపడుతుంది. టేబుల్ కింద నుంచి గుయ్‌మంటూ ఒకటే మోత, మధ్యమధ్యలో కరకర. ‘మొన్నటిదాకా లేదే, డిస్క్ పోతోందా ఏంటి?’ అని టెన్షన్ పట్టుకునేది అప్పుడే. చాలాసార్లు డిస్క్‌కు ఏమీ అయి ఉండదు. ఇన్నాళ్లూ ఫ్యాన్ కప్పిపెట్టిన చప్పుడే ఇప్పుడు వినిపిస్తోంది.

మాది సత్యనారాయణపురం. మా అమ్మాయి సంగీతం పాఠం రికార్డు చేసుకునేదీ, కంప్యూటర్ ఉన్నదీ ఒకే గదిలో. అందుకే ఈ విషయంలో నాకు పట్టింపు ఎక్కువ. 7200 ఆర్‌పీఎం డిస్క్, అంటే నిమిషానికి 7200 చుట్లు తిరిగేది, సెకనుకు 120 చుట్లు తిరుగుతుంది. దాని అదురు కూడా 120 హెర్ట్జ్ దగ్గరే ఉంటుంది. వాళ్ల మాస్టారు పాడేది ఒకటి శ్రుతి, అందులో షడ్జమం సుమారు 131 హెర్ట్జ్. అంటే డిస్క్ మోత షడ్జమానికి ఒకటిన్నర స్వరస్థానాల కింద, ఏ స్వరానికీ అతకని చోట పడుతుంది. మనుషుల చెవి కాసేపటికి అలవాటు పడుతుంది గానీ మైకు పడదు, ఆ మోతనంతా పాటతో పాటే పట్టేస్తుంది.

ఏది మేలో చెప్పేముందు, వచ్చేది ఏ చప్పుడో తేల్చుకోవాలి. ఆగకుండా వచ్చే గుయ్ మోటారుది, లోపల డేటా ఉండే పళ్లేలు తిరగడంవల్ల పుట్టే అదురుది. ఫైళ్లు తెరిచినప్పుడు వచ్చే కరకర, ఆ పళ్లేల మీద డేటా చదివే, రాసే హెడ్లు అటూ ఇటూ దూకడంవల్ల వచ్చేది. ఈ రెండూ మామూలే. మూడోది వేరు: ఒకే తీరున టక్కు, టక్కు అని కొట్టుకుంటూ, ఆ సమయంలో కంప్యూటర్ బిగుసుకుపోతుంటే అది జబ్బు. దానికి రబ్బరూ ఇలాస్టిక్కూ ఏమీ చేయలేవు. చదవడం మానేసి ముందు ఫొటోలూ కాగితాలూ ఇంకో డిస్క్‌లోకి ఎక్కించుకోండి.

మామూలు చప్పుడే అయితే ఒక చిన్న పరీక్ష ఉంది. రాత్రి అంతా సద్దుమణిగాక క్యాబినెట్ పక్క రేకు మీద అరచెయ్యి ఆనించి గట్టిగా అదమండి. తర్వాత పైన, ఆ తర్వాత టేబుల్ చెక్క మీద. చెయ్యి పెట్టగానే మోత తగ్గితే, లేదా దాని తీరు మారితే, మీరు వింటున్నది డిస్క్‌ను కాదు, రేకును. తంబురలో తీగ ఒక్కటే ఉంటే పక్కవాడికి కూడా వినపడదు, కింద కుండ ఉండబట్టే గదంతా మోగుతుంది. ఇక్కడ డిస్క్ తీగ, క్యాబినెట్ కుండ. చెయ్యి పెట్టినా ఏ మార్పూ లేకపోతే చప్పుడు నేరుగా గాలిలోంచి వస్తోందన్నమాట. అప్పుడు రబ్బరు మీద డబ్బు పెట్టడం దండగ.

ఒక్క పైసా ఖర్చు లేనిది చోటు మార్చడం. ప్లైవుడ్ కంప్యూటర్ టేబుళ్లు లోపల డొల్లగా ఉంటాయి, కింది నుంచి వచ్చిన అదురును ఇంకా పెంచుతాయి. మన పాత ఇళ్లలో గోడలోకి దిగేసిన కడప బండ అరలు ఉంటాయి చూడండి, క్యాబినెట్ పెట్టడానికి అవి భేషైన చోటు. అంత బరువైన బండను ఆ చిన్న మోటారు కదిలించలేదు. అడుగున నాలుగు మెత్తటి రబ్బరు ముక్కలు వేసి, వెనకా పక్కనా గాలి ఆడేంత జాగా వదిలితే సగం గొడవ అక్కడే తీరొచ్చు. ఎన్నో ఇళ్లలో ఇంతకు మించి ఏమీ అక్కర్లేదని నా నమ్మకం.

రబ్బరు వాషర్లా, ఇలాస్టిక్ ఊయలా అన్నది తర్వాతి ప్రశ్న. చేత్తో పని చేసుకునేవాళ్లు ఎక్కువగా వాదించుకునేది దీని మీదే. రెండింటి ఉద్దేశం ఒకటే, డిస్క్ లోహం క్యాబినెట్ లోహానికి తగలకూడదు. రబ్బరు వాషర్లతో జరిగే పొరపాటు ఒకటుంది. సైకిల్ ట్యూబు ముక్కలు కత్తిరించి డిస్క్‌కూ, దాన్ని బిగించే ట్రేకూ మధ్య పెడతారు, మామూలు స్క్రూతోనే బిగిస్తారు. ఆ స్క్రూ డిస్క్‌లోకి దిగి ఉంటుంది, దాని తల ట్రే రేకును నొక్కుతూ ఉంటుంది. అదురంతా స్క్రూ గుండానే దాటిపోతుంది, మధ్యలో రబ్బరు ఉన్నా లేనట్టే. స్క్రూ కాడ చుట్టూ, తల కింద కూడా రబ్బరు ఉండాలి. దీనికోసమే మధ్యలో గాడి ఉన్న రబ్బరు రింగులు, అంటే గ్రోమెట్లు, వాటికి సరిపడే పొడుగు స్క్రూలు దొరుకుతాయి. కాస్త మంచి క్యాబినెట్ కొంటే ట్రేతోపాటే వస్తాయి. బిగించేటప్పుడు రబ్బరు నలగకూడదు. డిస్క్‌ను వేలితో తోస్తే కొద్దిగా ఊగాలి, వదిలితే మళ్లీ తన చోటికి రావాలి.

ఇలాస్టిక్ దీనికంటే బాగా పనిచేస్తుంది, అందులో అనుమానం లేదు. కారణం మెత్తదనం. వేలాడే డిస్క్ తన బరువుతో నిదానంగా ఊగుతుంది. ఆ ఊపు 120 హెర్ట్జ్‌కు ఎంత దూరంలో ఉంటే అంత తక్కువ అదురు బయటికి పోతుంది. డీవీడీ డ్రైవ్ పెట్టే ఖాళీ గూడు సుమారు 146 మిల్లీమీటర్ల వెడల్పు, పెద్ద హార్డ్ డిస్క్ దాదాపు 102. రెండు పక్కలా రెండేసి సెంటీమీటర్లు మిగులుతాయి, డిస్క్ ఊగడానికి ఆ జాగా చాలు. వన్‌టౌన్‌లో కుట్టు సామాన్ల కొట్లలో గుండ్రటి ఇలాస్టిక్ తాడు మూరల లెక్కన అమ్ముతారు. గూడు రెండు పక్కలున్న రంధ్రాల్లోంచి ముందొక వరస, వెనకొక వరస లాగి, ప్రతి వరసనూ ఒకసారి మెలితిప్పి, ఆ మెలికల మధ్యలో డిస్క్‌ను కూర్చోబెట్టాలి. దాని బరువు అరకిలో నుంచి ముప్పావు కిలో దాకా ఉంటుంది కాబట్టి తాడు కొంచెం సాగి ఆగాలి. బండికి సామాను కట్టే హుక్కుల తాడు మాత్రం వాడకండి, అది మరీ గట్టిది, దానికంటే రబ్బరు వాషరే నయం.

అయినా అందరికీ ఇలాస్టిక్ వేసుకోమని చెప్పను. మన వేడికి ఇలాస్టిక్ సాగిపోతుంది, ఒకటి రెండు ఎండాకాలాలకే జీవం తగ్గుతుంది. తాడు తెగి తిరుగుతున్న డిస్క్ కింద పడిందంటే హెడ్ పళ్లేనికి తగిలి డేటా మొత్తం పోవచ్చు. సర్వీసుకు ఆటోలో తీసుకెళ్లేముందు డిస్క్ విప్పాలన్న సంగతి ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. పైగా ఈమధ్య వచ్చే క్యాబినెట్లలో ఆ గూడే ఉండటం లేదు. క్యాబినెట్ కదలదు, ఏటా ఒకసారి తాడు మార్చే ఓపిక ఉంది అంటే ఇలాస్టిక్. లేకపోతే గ్రోమెట్లు.

రెండింటిలోనూ ఒక చిక్కు ఉంది. ట్రేకు అంటుకుని ఉన్నప్పుడు డిస్క్ వేడిలో కొంత రేకులోకి పోతుంది. రబ్బరు మీద పెట్టినా, వేలాడదీసినా ఆ దారి మూసుకుపోతుంది. అందుకని దాని ముందు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఒకటి నెమ్మదిగా తిరుగుతూ ఉండాలి. నిమిషానికి ఏడెనిమిది వందల చుట్లు చాలు, ఆ వేగంలో ఫ్యాన్ చప్పుడు దాదాపు తెలియదు.

ఫోమ్ చుట్టిన పెట్టెలో డిస్క్‌ను బంధించే పద్ధతి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. గాలిలోంచి వచ్చే చప్పుడును కూడా అది తగ్గిస్తుంది, నిజమే. కానీ చలిదేశాలకు పనికొచ్చే ఉపాయం అది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయనే ఊళ్లో, గదే 38 డిగ్రీలు ఉన్నప్పుడు, మూసిన పెట్టెలో డిస్క్ 50 దాటడానికి ఎంతోసేపు పట్టదు. మామూలు డిస్క్‌లకు కంపెనీలు పెట్టే పైహద్దు 60. ఆ అంచున రోజుల తరబడి నడపడం పిల్లల చిన్నప్పటి ఫొటోలతో ఆడుకోవడమే. నా లెక్కలో ఇక్కడ ఏ పద్ధతికైనా మొదటి పరీక్ష ఇదే: చప్పుడు తగ్గించి వేడి పెంచేది మనకు పనికిరాదు.

డిస్క్‌ను నిద్రపుచ్చడం ఇంకో దారి. విండోస్ పవర్ ఆప్షన్లలో ఇన్ని నిమిషాలు పని లేకపోతే హార్డ్ డిస్క్ ఆపెయ్యమని పెట్టుకోవచ్చు. 20 నిమిషాలు సరిపోతుంది. రెండు మూడు నిమిషాలు పెడితే మాటిమాటికీ ఆగి లేస్తుంది, లేచిన ప్రతిసారీ మోటారు మీద భారం పడుతుంది, ఆ లేచే చప్పుడు కూడా చిన్నదేమీ కాదు. అసలు ఇబ్బంది వేరు. విండోస్ ఆ డిస్క్ మీదే ఉంటే అది ఎప్పటికీ నిద్రపోదు. పాత డిస్క్‌లలో కరకరను మెత్తబరిచే సెట్టింగ్ ఒకటి ఉండేది, 128 పెడితే నెమ్మది, 254 పెడితే వేగం. కొత్తవాటిలో అది దాదాపు కనుమరుగైంది.

రెండు డిస్క్‌లు ఉన్నవాళ్లకు ఇంకో తలనొప్పి. రెండూ ఒకే రకమైతే చప్పుడు 3 డెసిబెల్ పెరుగుతుంది, అది పెద్ద లెక్కలోకి రాదు. కానీ ఒకటి నిమిషానికి 7200 చుట్లు, రెండోది 7190 తిరిగితే ఆరు సెకన్లకోసారి ఉబ్బి తగ్గే మోత పుడుతుంది. తంబుర తీగలు సరిగ్గా కలవనప్పుడు వినిపించే ఊపు కూడా ఇలాంటిదే. ఆగకుండా ఒకే తీరుగా ఉండే చప్పుడు కంటే ఇది ఎక్కువ విసిగిస్తుంది. రెండింటిలో ఒకదాన్ని బయటికి పంపడమే మందు.

పంపితే ఎక్కడికి? హాల్లో రూటర్ పక్కన చిన్న నాస్ పెట్టెలో (డిస్క్‌ను నెట్‌వర్క్ ద్వారా ఇంట్లో అందరికీ అందించే పెట్టె) పెట్టి గిగాబిట్ కేబుల్ లాగితే సెకనుకు 110 మెగాబైట్ల దాకా వస్తుంది, ఫొటోలకూ పాటలకూ సినిమాలకూ బాగా సరిపోతుంది. మూడు పడగ్గదులున్న ఇల్లయితే, ఇంట్లో అందరి ఫోన్లూ అందులోకే బ్యాకప్ అయితే, ఇది చక్కటి ఏర్పాటు. రెండు గదుల అద్దె వాటాలో మాత్రం చప్పుడు ఈ గదిలోంచి ఆ గదిలోకి మారుతుంది, అంతే. హాల్లో పడుకునే పెద్దవాళ్ల నిద్ర పాడుచేసి మన గది నిశ్శబ్దం చేసుకోవడం న్యాయం కాదు. అటక మీద మాత్రం పెట్టకండి. పై అంతస్తు స్లాబ్ సాయంత్రం ఏడింటికి కూడా సెగలు కక్కుతుంటుంది. కరెంటు పోయే ఇళ్లలో ఆ ప్లగ్‌కు ఇన్వర్టర్ లైనో యూపీఎస్సో ఉండాలి. ఉన్నట్టుండి కరెంటు పోతే, ఇంకా తిరుగుతున్న పళ్లేల ఊపు నుంచే శక్తి తీసుకుని హెడ్లను పక్కకు చేర్చుకునే ఏర్పాటు డిస్క్‌లో ఉంటుంది. కానీ అది ఆపద వేళకు పెట్టింది, రోజూ వాడేది కాదు.

ఇక ఎస్‌ఎస్‌డీ. ఇది డేటాను పళ్లేల మీద కాకుండా చిప్పుల్లో దాచుకుంటుంది. అందులో తిరిగేదీ లేదు, దూకేదీ లేదు. పాత కంప్యూటర్‌కు కూడా సాటా రకం, అంటే హార్డ్ డిస్క్ కేబులుకే తగిలించేది, పడుతుంది. హార్డ్ డిస్క్ సెకనుకు 150, 200 మెగాబైట్లు ఇచ్చే చోట ఇది 500 పైచిలుకు ఇస్తుంది. చప్పుడు కోసం కొన్నా, రోజూ తెలిసేది వేగమే. టెరాబైట్ లెక్కన హార్డ్ డిస్క్ ఇప్పటికీ చవక. కానీ విండోస్, సాఫ్ట్‌వేర్లు, ఈ నెల పని పట్టడానికి 500 జీబీ చాలు. అందుకే రబ్బరా, ఇలాస్టిక్కా అని అడిగేవాళ్లకు నేను ముందు చెప్పేది ఎస్‌ఎస్‌డీ గురించే. మిగతావన్నీ చప్పుడును అణిచేవి, ఇది చప్పుడు పుట్టకుండా చేసేది.

అలాగని హార్డ్ డిస్క్‌ను పాతసామాన్లవాడికి వేసెయ్యకండి. ఎస్‌ఎస్‌డీ చాలాసార్లు హెచ్చరిక లేకుండా పోతుంది, చెరిపేసిన ఫైలు అందులోంచి తిరిగి రావడం కష్టం. ఇంకో సంగతి మన ఊరికి ముఖ్యం. ఇళ్లలో వాడే ఎస్‌ఎస్‌డీలకు ప్రమాణాల సంస్థ జెడెక్ పెట్టిన నియమం ఏమిటంటే, రాతల ఆయుష్షు (దానిమీద ఎంత డేటా రాయొచ్చో ఆ హద్దు) అంతా వాడేశాక, కరెంటు లేకుండా 30 డిగ్రీల్లో ఉంచితే ఏడాదిపాటు డేటా నిలవాలి. వేడి పెరిగేకొద్దీ ఆ గడువు తగ్గుతుంది. కొత్త ఎస్‌ఎస్‌డీ ఇంకా చాలా కాలం నిలుపుతుంది, భయం లేదు. కానీ విజయవాడలో ఎండాకాలం బీరువా లోపల 30 డిగ్రీలు ఉండవు. ఏళ్ల తరబడి పక్కన పెట్టి ఉంచే బ్యాకప్‌కు హార్డ్ డిస్కే నమ్మకం. కాబట్టి కంప్యూటర్‌లో ఎస్‌ఎస్‌డీ, బీరువాలో హార్డ్ డిస్క్. నెలకోసారి యూఎస్‌బీ డాక్‌కు (విడి డిస్క్‌ను బయటి నుంచి కంప్యూటర్‌కు కలిపే స్టాండుకు) తగిలించి బ్యాకప్ తీసుకుని, మళ్లీ తేమ పట్టకుండా సిలికా జెల్ ప్యాకెట్ వేసిన డబ్బాలో పెట్టెయ్యాలి.

ఫొటో స్టూడియో నడిపేవాళ్లూ, వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లూ పెద్ద డిస్క్ ఎప్పుడూ తగిలించే ఉంచాలి, వాళ్ల సంగతి వేరు. వాళ్లు ఎస్‌ఎస్‌డీ వేసుకున్నాక ఆ పెద్ద డిస్క్‌ను గ్రోమెట్ల మీద పెట్టి, 20 నిమిషాలకు నిద్రపోయేలా చూసుకుంటే సరిపోతుంది. కొత్తది కొనేటట్టయితే వీలైతే 5400 ఆర్‌పీఎం రకం అడగండి. డేటా సెంటర్ల కోసం చేసిన డిస్క్‌లు చవగ్గా వస్తున్నాయని ఇంటికి తెచ్చుకుంటే, వాటి కరకర పడగ్గదిలో భరించడం కష్టం. కొనేముందు కంపెనీ ఇచ్చే వివరాల కాగితంలో ఖాళీగా ఉన్నప్పుడు ఎన్ని డెసిబెల్, పని చేసేటప్పుడు ఎన్ని అని రెండు అంకెలు ఉంటాయి. రెండూ చూడండి. కొట్టువాడు చెప్పే ‘సైలెంట్ సార్’ అన్న మాట కంటే ఆ కాగితం నయం.

డిస్క్ మోత పోయిన మొదటి రాత్రి ఇంకో చప్పుడు వినిపిస్తుంది, కంగారు పడొద్దు. అది కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ పెట్టె ఫ్యాన్, ప్రాసెసర్ ఫ్యాన్. చాలా ఇళ్లలో వాటికి కావలసింది కొత్త భాగాలు కాదు, ప్లగ్ తీసేసి, ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకుని, పెయింటు బ్రష్‌తో దుమ్ము దులపడం.