మైసూరులో నాల్వడి వారి యూనివర్సిటీ: ఎక్కడ దిగాలి, ఏది చూడాలి, ఏది వదిలేయొచ్చు

ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీలాంటి ఒక్క పెద్ద భవనం కోసం మైసూరు వెళితే నిరాశే. మైసూరు రాజు నాల్వడి (అంటే నాలుగో) కృష్ణరాజ ఒడెయరు కట్టించింది భవనం కంటే ముందు ఒక వ్యవస్థ. అప్పటిదాకా సంస్థానంలోని కాలేజీలు మద్రాసు యూనివర్సిటీ కింద ఉండేవి. పాఠ్యాంశాలు, పరీక్షలు అన్నీ అక్కడే తేలేవి. దివాన్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య పట్టుబట్టారు, రాజు ఒప్పుకుని అండగా నిలిచారు. విదేశీ యూనివర్సిటీలు ఎలా నడుస్తాయో చూసి రమ్మని ఇద్దరిని పంపారు. వాళ్లలో ఒకరు మన కట్టమంచి రామలింగారెడ్డి, ఇంకొకరు థామస్ డెన్హమ్. 1916 జులైలో చట్టం వచ్చింది, 27న యూనివర్సిటీ మొదలైంది. బ్రిటిష్ ఏలుబడి బయట, ఒక సంస్థానంలో పుట్టిన మొదటి యూనివర్సిటీ ఇదే. రాజుగారే తొలి ఛాన్సలర్. బెనారస్ హిందూ యూనివర్సిటీకీ తొలి ఛాన్సలర్ ఆయనే.

అందుకే ఇక్కడ చూడాల్సినవి ఊళ్లో అక్కడొకటి ఇక్కడొకటి ఉంటాయి. రోజులు కూడా చూసుకోవాలి. ప్యాలెస్ దీపాలు వెలిగేది ఆదివారాలు, సెలవురోజుల్లో రాత్రి ఏడు తర్వాత. యూనివర్సిటీ ఆఫీసులు, క్యాంపస్‌లోని జానపద మ్యూజియం ఆదివారం మూత. శనివారం సాయంత్రం కాచిగూడలో మైసూరు ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఆదివారం పొద్దున దిగుతారు. ఆ రోజు ప్యాలెస్, రాత్రి దీపాలు, సోమవారం యూనివర్సిటీ. తిరుగు బండి మధ్యాహ్నమే కాబట్టి సోమవారం రాత్రికి కూడా గది ఉంచుకుని మంగళవారం బయల్దేరడం మేలు. దసరా పది రోజులూ రోజూ దీపాలుంటాయి గానీ గది అద్దెలు ఆకాశంలో ఉంటాయి. యూనివర్సిటీ కోసమే వెళ్లేవాళ్లు ఆ రోజులు వదిలేయండి.

దిగడానికి స్టేషన్ పక్కన ఝాన్సీ లక్ష్మీబాయి రోడ్డు వైపు బాగుంటుంది. కర్ణాటక టూరిజం వాళ్ల మయూర హొయ్సళ అక్కడే. గదులు పాతవి, కానీ విశాలం, స్టేషన్ దగ్గర. ప్యాలెస్ చుట్టూ ఉన్న చవక లాడ్జీల్లో రోడ్డు వైపు గది తీసుకుంటే నిద్ర ఉండదు. వేడినీళ్లు కొన్నిచోట్ల పొద్దున రెండు గంటలే, ముందే అడగండి. 1921లో వైస్రాయ్ కోసం కట్టిన లలితమహల్ చూడ్డానికి అందమే, కానీ అది చాముండి కొండ వైపు, యూనివర్సిటీ ఊరికి అవతలి కొస. ఆటోలకే డబ్బులు పోతాయి. రెండు మూడు రోజులు ఉండాలంటే గోకులంలో హోమ్‌స్టేలు నయం.

సోమవారం పొద్దున పదింటికి ఓరియంటల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌తో మొదలుపెట్టండి. 1891లో మొదలైన ఈ గ్రంథాలయంలోనే ఆర్. శామశాస్త్రి 1905లో కౌటిల్యుడి అర్థశాస్త్రం తాళపత్ర ప్రతిని గుర్తించి, 1909లో అచ్చు వేయించారు. సంస్కృతం రాయడానికి దక్షిణాదిన వాడిన గ్రంథ లిపిలో ఉన్న ప్రతి అది. తర్వాత ఈ సంస్థ యూనివర్సిటీ కిందికి వచ్చింది. తాటాకు ఎండితే పెళుసెక్కి విరుగుతుంది, పురుగు పడుతుంది. అందుకే ఆకులకు సిట్రొనెల్లా నూనె పూస్తారు. గదిలో అడుగుపెట్టగానే ఆ నిమ్మగడ్డి వాసన తగులుతుంది. నేరుగా వెళితే తలుపు తీయకపోవచ్చు. ఆధార్ జిరాక్స్, ఏం చూడాలో రాసిన అర్జీ పట్టుకెళ్లి డైరెక్టర్ అనుమతి తీసుకోవాలి. ఫోటోలకు వేరే అనుమతి.

అక్కడి నుంచి మహారాజా కాలేజీ నడక దూరమే. కట్టమంచి ఇక్కడే పాఠం చెప్పారు, 1926లో ఆంధ్ర యూనివర్సిటీకి తొలి వైస్ ఛాన్సలర్ అయ్యారు. మన యూనివర్సిటీ మూలం ఒకటి ఇక్కడుందని చాలామందికి తెలియదు. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1918 నుంచి 1921 దాకా ఇక్కడి ఆచార్యుడు. కలకత్తా వెళ్లేటప్పుడు విద్యార్థులు పూలబండి ఎక్కించి తామే స్టేషన్ దాకా లాగారు. క్లాసులు జరిగేటప్పుడు వరండాలు తిరగనివ్వరు, గేటు దగ్గర చెప్పి బయటి నుంచి చూస్తే చాలు. పాలనా కార్యాలయం క్రాఫర్డ్ హాల్ 1947 నాటిది, అంటే రాజుగారు పోయిన ఏడేళ్లకు వచ్చింది. ఫోటోకి ఐదు నిమిషాలు చాలు.

తర్వాత యూనివర్సిటీ క్యాంపస్ మానసగంగోత్రి. ఆటోవాడికి ‘మానసగంగోత్రి’ అనక్కర్లేదు, ‘గంగోత్రి’ అంటే చాలు. మీటరు వేయమనండి. పట్టు, గంధం షాపుల మీదుగా తిప్పుతానంటే వద్దనండి, కమిషన్ వ్యవహారం అది. కన్నడ కవి కువెంపు ఆ పేరు పెట్టారు. ఈ క్యాంపస్‌లో అసలు ఆకర్షణ జయలక్ష్మీ విలాస్. 1905లో రాజకుమారి కోసం కట్టిన 125 గదుల భవంతి, లోపల జానపద మ్యూజియం, తోలుబొమ్మలు, యక్షగాన కిరీటాలు. మరమ్మతుల వల్ల మూసి ఉండే అవకాశం బాగా ఉంది, ముందురోజే ఫోన్ చేసి కనుక్కోండి. మూసి ఉంటే కుక్కరహళ్లి చెరువు గట్టు మీద నడవండి, పొద్దున, సాయంత్రమే గేట్లు తీస్తారు. యూనివర్సిటీ ప్రచురణ విభాగం ప్రసారాంగ దుకాణంలో కన్నడం చదివేవాళ్లకు పుస్తకాలు బాగా చవక.

వెనక్కి బెంగళూరు మీదుగా వస్తే కథలో మిగతా సగం అక్కడుంది. 1916లో మహారాజా కాలేజీతో పాటు మైసూరు యూనివర్సిటీలో చేరిన రెండో కాలేజీ సెంట్రల్ కాలేజీ. మెట్రోలో విశ్వేశ్వరయ్య పేరున్న స్టేషన్‌లో దిగితే పక్కనే. మైసూరు సంస్థానం 371 ఎకరాలిచ్చిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ మాత్రం మామూలు రోజుల్లో గేటు దాటనివ్వదు. ఏటా జరిగే ఓపెన్ డేకి వెళ్లాలి, ఆ రోజు జనం విపరీతం, పొద్దున తొమ్మిదికల్లా ఉండండి.