ఫైబర్ కేబుల్‌తో గోడ లీకేజీ ముందే చెప్పేస్తాం అనేవాళ్ళతో జాగ్రత్త!!

డి-వాల్ (డయాఫ్రమ్ వాల్, తవ్వకానికి ముందే భూమిలో ముక్కలు ముక్కలుగా పోసే కాంక్రీట్ గోడ) పనులు చేసేవాళ్ళు ఎవరున్నా ఇది చదవండి. రంగురంగుల గ్రాఫులు పట్టుకుని సైట్ల చుట్టూ తిరిగే ఆ మానిటరింగ్ వాళ్ళ గురించే, పేరు రాయను, ఈ లైన్లో ఉన్నవాళ్ళకి ఎవరో తెలిసిపోతుంది.

కథంతా చెప్పే ఓపిక లేదు. బేస్‌మెంట్ కోసం డయాఫ్రమ్ వాల్, బయట నీటిమట్టం బాగా పైన, ప్యానెళ్ళ (గోడ ముక్కల) మధ్య జాయింట్ల దగ్గర ఏమవుద్దో అని భయం, అందుకే వీళ్ళని పెట్టుకున్నాం. ఇనుప కడ్డీల కేజ్ దించేముందు దానికి ఫైబర్ కేబుల్ కట్టారు, కాంక్రీట్ పడ్డాక రీడింగులు తీశారు, రిపోర్ట్ ఇచ్చారు. గ్రాఫ్ అంతా ఒకటే రంగు, ఎక్కడా చిన్న మచ్చ లేదు, 'లీకేజీ లేదు' అని కింద స్టాంపు కూడా.

తవ్వకం కిందకి వెళ్ళాక ఒక జాయింట్ దగ్గర ముందు చెమ్మ, తర్వాత సన్నటి ధార, కాసేపటికి ఇసుక కలిసిన బురదనీళ్ళు. తేటనీళ్ళు వస్తే పంపు పెట్టుకుని లాగించొచ్చు, ఇసుక వస్తోందంటే గోడ వెనక మట్టి కొట్టుకుపోతున్నట్టే కదా, పైన నేల కుంగితే ఎవరు దిక్కు? మావాళ్ళు ఇసుక బస్తాలు వేస్తుంటే నేను ఫోన్ స్పీకర్లో పెట్టి ఆ మానిటరింగ్ పెద్దమనిషికి చేశా. నీళ్ళ చప్పుడు ఆయనకి వినిపిస్తూనే ఉంది. ఏమన్నాడో తెలుసా? 'మా గ్రాఫ్‌లో లీకేజీ లేదు సార్' అన్నాడు. ఆహా! అయితే నా బూట్లలోకి వచ్చింది పన్నీరేమో మరి. ఒళ్ళు మండి రా డేటా (ఏ మార్పూ చెయ్యని అసలు రీడింగులు) పంపండి అంటే 'అది మీకు అర్థం కాదు సార్' అని చిన్నగా నవ్వాడు. ఆ నవ్వే ఇంకా చెవుల్లో ఉంది, నష్టం కంటే అదే ఎక్కువ మంటగా ఉంది.

అర్థం కాకపోవడానికి అందులో బ్రహ్మవిద్య ఏం లేదు. ఫైబర్‌లోకి లేజర్ పల్స్ వదిలితే వెనక్కి చెదిరొచ్చే రామన్ కాంతిలో స్టోక్స్, యాంటీ-స్టోక్స్ అనే రెండు భాగాల నిష్పత్తిని బట్టి టెంపరేచర్ తెలుస్తుంది, వెనక్కి రావడానికి పట్టిన టైమ్‌ని బట్టి ఎక్కడో తెలుస్తుంది, అంతే. అది కొలిచేది టెంపరేచర్ని, నీళ్ళని కాదు! బయట భూగర్భజలం, గోడ రెండూ ఒకే వేడిమీద ఉంటే లీకేజీ ఉన్నా గ్రాఫ్ కదలదు. అందుకే కేబుల్‌లో ఉన్న మెటల్ తీగకి కరెంట్ ఇచ్చి వేడి చేస్తారు, నీళ్ళు పారే చోట వేడి కొట్టుకుపోయి అక్కడ మాత్రం తక్కువ పెరుగుతుంది. వీళ్ళు ఆ హీటింగే చెయ్యలేదు. పైగా కేబుల్ కట్టింది ఎక్కడ? ప్యానెల్ నడిమధ్య! కారేది జాయింట్లో! కాంక్రీట్ గట్టిపడేటప్పుడు పుట్టే వేడి చల్లారక ముందే రీడింగులు తీసి దాన్నే బేస్‌లైన్ (తర్వాతవాటిని పోల్చే మొదటి కొలత) అన్నారు, అదింకో ఘనకార్యం.

బ్రోచర్లో '25 సెంటీమీటర్లు' అని పెద్దక్షరాలతో వేస్తారు చూడండి, అది రీడింగ్ తీసుకునే దూరం మాత్రమే. 10 నానోసెకన్ల పల్స్ అయితే అసలు రిజల్యూషన్ (విడిగా పట్టుకోగలిగే కనీస పొడుగు) దాదాపు 1 మీటరు, అంటే వేలెడంత లీకేజీ చల్లదనం మీటరు పొడుగునా సగటు అయిపోయి మాయమైపోద్ది. ఇదంతా సంతకం పెట్టాక చదివా లెండి, నా తెలివికి దండం.

బిల్లు మాత్రం ఠంచనుగా వచ్చింది, రిమైండర్‌తో సహా.

ఎవరైనా పెట్టుకునేట్టయితే కేబుల్ జాయింట్ పక్కనే వెయ్యాలి, హీటింగ్ చెయ్యాలి, తెలిసిన టెంపరేచర్లో, అంటే ఐస్ నీళ్ళలో లాగా, కొంత కేబుల్ ముంచి కాలిబ్రేషన్ చూపించాలి, రా డేటా మన చేతికి ఇవ్వాలి, ఇవన్నీ ఆర్డర్లోనే రాయించండి. నోటిమాట నమ్మొద్దు. లీకేజీ పూడ్చే గ్రౌటింగ్ వాళ్ళు పిలుస్తున్నారు, ఉంటా.