14416: పెద్దకార్యం అయ్యాక చేయాల్సిన ఫోన్

రోడ్డు మీద లారీ గుద్దడమో, కాలవలో మునిగిపోవడమో, రొయ్యల చెరువు గట్టున కరెంటు షాకో. కోనసీమలోనైనా, భీమవరం వైపైనా పొద్దున తిరిగిన మనిషి సాయంత్రానికి లేకుండా పోవడం ఇలాంటి వాటితోనే. ఆ పన్నెండు రోజులూ ఇంటినిండా చుట్టాలుంటారు. పెద్దకార్యం భోజనాలై, షామియానా విప్పి, అద్దె కుర్చీలు ఆటో ఎక్కాక ఇల్లు బోసిపోతుంది. టెలి మానస్ బాగా అక్కరకొచ్చేది అప్పుడేనండి.

2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య ఫోన్ సేవ ఇది. 14416 కొట్టొచ్చు, 1800 891 4416 అయినా సరే. ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది. భాష అడిగినప్పుడు తెలుగు ఎంచుకోండి. ముందు మాట్లాడేది శిక్షణ ఉన్న కౌన్సెలరే, డాక్టరు కాదు. అవసరమనుకుంటే సైకియాట్రిస్టుకి అప్పగిస్తారు.

చాలామందికి అవతల "హలో" వినగానే గొంతు పూడుకుపోతుంది, పెట్టేస్తారు. ముందే ఒక చీటీ రాసుకోండి: "మా ఆయన పోయి ఇరవై రోజులైందండి. బైక్ యాక్సిడెంటు. రాత్రి రెండు గంటలే నిద్ర. ముద్ద దిగట్లేదు." ఎవరు, ఎప్పుడు, ఎలా, నిద్ర, తిండి. అంతే చాలు, మిగతాది వాళ్ళే అడుగుతారు. గదిలోంచి చేస్తే అత్తగారు వింటారని కోడళ్ళు పొడిపొడిగా ముగించేస్తారు. దొడ్లో కొబ్బరిచెట్ల కిందికి వెళ్ళి మాట్లాడటం మేలు.

అయిదు నక్షత్రాలకి నాలుగు ఇస్తాం. ఒకటి తగ్గించింది ఎందుకంటే, మొదటిసారి మాట్లాడినవాళ్ళే రెండోసారీ దొరుకుతారన్న భరోసా లేదు. జరిగిందంతా మళ్ళీ మొదట్నుంచీ చెప్పుకోవడం నరకం. అందుకే ఆ చీటీ పారేయకండి. వాళ్ళేం చెప్పారో తేదీ వేసి దాని వెనకే రాసుకోండి. ఏడుపు ఆపే చిట్కా కోసం చేస్తే మాత్రం నిరాశే. ఏడుపు జబ్బు కాదు కదా.

"కాస్త నిద్రపడుతుందిలే" అని మందుల షాపులో ఆల్ప్రజోలం అనే మత్తుమాత్ర తెచ్చి మింగించే బాబాయిలు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. వేరే మానసిక జబ్బేమీ లేనప్పుడు, కేవలం దుఃఖానికని ఆ జాతి మందులు ఇవ్వొద్దని డబ్ల్యూహెచ్‌ఓ 2013లోనే చెప్పింది. అలవాటు పడితే మానడం కష్టం.

పిల్లలకి "నాన్న ఊరెళ్ళారు" అంటే గుమ్మం దగ్గరే కూర్చుని ఎదురుచూస్తారు. "నిద్రపోయారు" అంటే తాము పడుకోవడానికి భయపడతారు. "నాన్న చనిపోయారు, ఇక రారు, నీ దగ్గర నేనుంటా" అని సూటిగా చెప్పాలి. ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే అదే మాట 14416లో అడగండి.

ఆరు నెలలు దాటినా మనిషి వంట, పని, నలుగురితో మాట అన్నీ వదిలేసి అలాగే ఉండిపోతే ఫోన్లతో సరిపెట్టకండి. కాకినాడ పెద్దాసుపత్రి సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్ళండి.

"నేనూ ఆయన దగ్గరికే పోతాను" అన్న మాట వినిపిస్తే మాత్రం ఆరు నెలలు కాదు, ఆరు నిమిషాలు కూడా ఆగొద్దు. ఒంటరిగా వదలకండి. కొట్టులో ఉన్న పురుగుమందు డబ్బాలు, ఇంట్లో మాత్రలు అదే పూట పక్కింటికి చేర్చి, దగ్గర కూర్చునే 14416కి చేయండి. అప్పటికే ఏదైనా తాగేస్తే మాత్రం ముందు 108.