చిరునవ్వు కోసం తొడ కండరమా, కణత కండరమా?

మా అక్కకు చెవి ముందుండే లాలాజల గ్రంథిలో గడ్డ వచ్చింది. గడ్డతో పాటు అది చుట్టుకున్న ముఖ నరాన్నీ తీసేయాల్సి వచ్చింది. ఆనాటి నుంచి కుడి చెంప కదల్లేదు. కాఫీ తాగేటప్పుడు పెదవి మూలకు చేతిరుమాలు అడ్డం పెట్టుకునేది. ఫొటో అంటే ముఖం తిప్పుకునేది. మూడేళ్ల తరువాత కండరం మార్పిడి మాట వచ్చినప్పుడు ఇంట్లో అందరం అడిగింది ఒక్కటే: ఏది మేలు?

ముందుగా ఒక సంగతి. ఉన్నట్టుండి మూతి వంకరపోయిన ప్రతివారికీ ఈ ఆపరేషన్లు అక్కర్లేదు. అలా జరిగితే వెంటనే డాక్టరుకు చూపించాలి. అది బెల్స్ పాల్సీ, అంటే ముఖ నరం దెబ్బతిని ఉన్నట్టుండి ఒకవైపు ముఖం చచ్చుబడటం అయితే ఎక్కువమందికి వారాల్లో, నెలల్లో నయమవుతుంది. ముఖ నరంతో సంబంధం తెగి ఏడాదిన్నర, రెండేళ్లు దాటితే మాత్రం చెంపలోని కండరాలు క్షీణిస్తాయి. తరువాత కొత్త నరం తెచ్చి కలిపినా అవి మేలుకోవు. అప్పుడు కండరాన్నే తేవాలి. పుట్టుకతోనే ముఖం కదలని పిల్లల సంగతీ అంతే.

మొదటి దారి తొడ లోపలి వైపుండే గ్రాసిలిస్ కండరం. జపాన్‌లో సర్జన్ హరీ బృందం 1976లో ఈ పద్ధతిని ప్రచురించింది. కండరంలో ఒక ముక్కను దాని రక్తనాళాలు, నరంతో సహా తీసి చెంపలో అమరుస్తారు. ఒకటి రెండు మిల్లీమీటర్ల నాళాలను మైక్రోస్కోపు కింద వెంట్రుక కన్నా సన్నని దారంతో కుడతారు. తొడకు మచ్చ మిగులుతుంది కాని, అదే పని చేసే కండరాలు పక్కన ఇంకా ఉన్నాయి కాబట్టి నడకకు లోటు రాదు.

అసలు చిక్కు కండరంలో లేదు, దానికి ఆజ్ఞ ఎక్కడి నుంచి వస్తుందన్నదే. బాగున్న చెంపలోని ముఖ నరం కొమ్మ నుంచి తేవచ్చు. అందుకు ముందు పిక్కలోంచి ఒక నరం తీసి, పై పెదవి మీదుగా అవతలి చెంపకు వేస్తారు. నరం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. అందుకే కండరం పెట్టే రెండో ఆపరేషన్‌కు తొమ్మిది నెలల నుంచి ఏడాది ఆగాలి. పిక్క నరం తీసినందుకు పాదం బయటి అంచు మొద్దుబారుతుంది. అయినా ఫలితం అపురూపం: జోకు వింటే ఎడమ చెంపతో పాటు కుడి చెంపా తనంతట తాను నవ్వుతుంది. ఒకవైపే చచ్చుబడిన చిన్నపిల్లలకు నేనైతే ఇదే కోరుకుంటాను. వయసు పెరిగేకొద్దీ అంత దూరం పాకిన నరంలో సత్తువ తగ్గుతుంది.

లేదా తొడ కండరం నరాన్ని దవడను నడిపే మాసెటర్ నరానికి కలుపుతారు. ఒకే ఆపరేషన్. మూడు నాలుగు నెలల్లో కదలిక మొదలవుతుంది, లాగుడు బలంగా ఉంటుంది. కాని మొదట్లో పళ్లు బిగిస్తేనే నవ్వు వస్తుంది. సాధనతో కొందరికి సహజంగా వస్తుంది, అందరికీ కాదు. రెండు వైపులా ముఖం కదలని మోబియస్ సిండ్రోమ్ పిల్లలకు అరువు తెచ్చుకోవడానికి బాగున్న ముఖ నరమే ఉండదు కాబట్టి ఇదే ముఖ్యమైన ఆధారం.

రెండో దారి కణత కండరం. కణత మీద వేళ్లుంచి పళ్లు నొక్కి చూడండి, చర్మం కింద ఉబికేది అదే. ఫ్రాన్స్‌కు చెందిన లాబే పద్ధతిలో దాని స్నాయువును (కండరాన్ని ఎముకకు అంటించే తాడు లాంటి భాగాన్ని) దవడ ఎముక కొన నుంచి విడదీసి నేరుగా పెదవి మూలకు కుడతారు. రక్తప్రసరణ, నరం ఉన్నచోటే ఉంటాయి. నాళాలు కుట్టే పని లేదు, నరం పెరిగే దాకా ఎదురుచూపు లేదు. జారిన పెదవి మూల వెంటనే పైకి వస్తుంది. అయితే నవ్వు పళ్ల బిగింపుతో మొదలవుతుంది, లాగుడూ సాధారణంగా గ్రాసిలిస్ అంత ఉండదు.

అక్కకు యాభై ఏడేళ్లు, షుగరు ఉంది. తొడ కండరం పెడితే గంటల తరబడి మత్తు, ఆ తరువాత నాళాల్లో రక్తం గడ్డకడుతుందేమోనన్న దిగులు. ఆమె కణత కండరాన్నే ఎంచుకుంది, అది సరైన నిర్ణయమని నా నమ్మకం. రోజూ ఉదయం అద్దం ముందు కూర్చుని వెనక పళ్లు మెల్లగా నొక్కి, పెదవి మూల లేచాక పది అంకెలు లెక్కపెట్టేది. కొన్ని నెలలకు పళ్లు కలపకుండానే లేపడం నేర్చుకుంది. ఆపరేషన్‌కు ముందే ఫిజియోథెరపిస్టు ఎవరో అడిగి పెట్టుకోండి. సాధన లేకపోతే ఏ కండరమూ నవ్వు నేర్చుకోదు.

ఏ దారి పట్టినా కన్ను వేరే లెక్క. చెంపలో పెట్టిన కండరం రెప్పను మూయదు. పై రెప్పలో సుమారు ఒక గ్రాము బంగారు లేదా ప్లాటినం బరువు అమర్చే చిన్న ఆపరేషన్ దానికి ఉంది. అక్క ఇంకా అది చేయించుకోలేదు. రోజూ రాత్రి కంట్లో మందు రాసి, రెప్పను టేపుతో అంటించుకుని పడుకుంటుంది.