విశాఖలో మసాజ్ పని: సీనియర్ పక్కన నిలబడి నేర్చుకోవడం ఎలా ఉంటుంది

మసాజ్ పని నేర్చుకోవాలంటే కోర్సులో చేరాలా, సీనియర్ ఎవరి దగ్గరైనా పనికి కుదరాలా అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. నేను రెండో దారిలో వచ్చినదాన్ని. ఎంవీపీ కాలనీ వైపు ఒక చిన్న ఆయుర్వేద సెంటర్లో, కేరళలో పని నేర్చుకుని వచ్చిన ఒకావిడ దగ్గర చేరాను. అందరం అక్కా అనే పిలిచేవాళ్ళం. కొన్నేళ్ళుగా సొంతంగా చేసుకుంటున్నాను, ఆడవాళ్ళకి మాత్రమే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చేతికి పని రావాలంటే ఇంతకు మించిన దారి లేదు. కానీ చేతికి వచ్చినదాన్ని నోటితో చెప్పగలగాలన్నా, కాగితం మీద చూపించగలగాలన్నా ఆ దారి ఒక్కటే సరిపోదు.

చేరిన కొత్తలో ఎవరి ఒంటి మీదా చెయ్యి వెయ్యనివ్వరు. తువ్వాళ్ళు ఉతకడం, బల్ల తుడవడం, నూనె వెచ్చబెట్టడం, ఇదే పని. ఈ చాకిరీ ఎందుకులే అని మధ్యలో మానేసినవాళ్ళు ఉన్నారు. అందులోనూ నేర్చుకునేది ఉంది. నూనె గిన్నెని నేరుగా పొయ్యి మీద పెట్టకూడదు, వేడినీళ్ళ గిన్నెలో ఉంచి, మణికట్టు లోపలివైపు చుక్క వేసుకుని చూశాకే వాడాలి. నువ్వుల నూనె పట్టిన తువ్వాళ్ళు చన్నీళ్ళలో జాడిస్తే నాలుగు రోజులకే కంపు కొడతాయి, మరిగే నీళ్ళలో చాకలి సోడా వేసి నానబెట్టాల్సిందే. మన సముద్రపు గాలికి వానాకాలంలో అవి ఆరవు. అలాగని డ్రయ్యర్లో ఆరబెట్టి వేడివేడిగా కుప్ప పోస్తే, మిగిలిపోయిన నూనె లోపల్లోపల వేడెక్కి బట్టలు వాటంతట అవే అంటుకునే ప్రమాదం ఉంది. చల్లారాకే మడత పెట్టాలి. ఈ విషయం చెప్పనివాళ్ళ దగ్గర పని నేర్చుకోవద్దని నా సలహా.

అసలు పాఠం మొదలైంది బరువు తూచే మిషన్ మీద. మనం ఇంట్లో ఎక్కి చూసుకునే ముల్లు మిషనే. దాన్ని బల్ల మీద పెట్టి అరచేత్తో నొక్కమన్నారు అక్క. బలమంతా పెట్టి నొక్కాను. ముల్లు ఒకచోట నిలవదు, వణుకుతూనే ఉంటుంది, కాసేపటికే భుజం పట్టేస్తుంది. తర్వాత ఒక కాలు ముందుకి, ఒక కాలు వెనక్కి వేయించి, మోచేయి బిగబట్టకుండా ఒంటి బరువుతో ముందుకి ఒరగమన్నారు. ముల్లు కదలకుండా నిలబడింది. చేతికి శ్రమే తెలియలేదు. నొక్కడానికీ ఒరగడానికీ ఉన్న ఈ తేడా వంటబట్టడానికే నెలలు పట్టింది. బల్ల ఎత్తు కూడా ఇందులో భాగమే. పక్కన నిలబడి చేతులు కిందికి వదిలేస్తే పిడికిలి కణుపులు బల్లకి ఆనాలి. అంతకన్నా ఎత్తుంటే భుజాలు పోతాయి, తక్కువుంటే నడుము పోతుంది.

ఆ తర్వాత అక్కే బల్ల మీద పడుకుని నాతో చేయించుకునేవారు. కళ్ళు మూసుకునే చెప్పేవారు, ఎడమ చెయ్యి తేలిగ్గా పడుతోందమ్మా, ఇక్కడ తొందరపడ్డావు, నా పిక్క నుంచి చెయ్యి ఎందుకు తీసేశావు అని. రెండు చేతులూ ఒకేసారి ఎత్తేస్తే బల్ల మీదున్న మనిషి ఉలిక్కిపడుతుందని, ఒకటి ఎప్పుడూ ఆనించే ఉంచాలని అలాగే తెలిసింది. ఇది ఏ వీడియోలోనూ రాదు. చూసేవాడికి అన్ని చేతులూ ఒకలాగే ఉంటాయి, తేడా తెలిసేది చేయించుకునేవాళ్ళకే.

దీని మంచి ఫలితం ఇన్నేళ్ళ తర్వాత నా బొటనవేళ్ళలో కనిపిస్తోంది. ఈ పనిలో ముందు పాడయ్యేవి అవే. బొటనవేలు మణికట్టుతో కలిసే చోట కీలు అరుగుతుంది. నాతో పరిచయమున్నవాళ్ళలో తక్కువ రోజుల కోర్సు చేసి స్పాల్లో చేరినవాళ్ళు కొందరు రెండు మూడేళ్ళకే నొప్పితో పని మానేశారు. అక్క ముంజేత్తో, మోచేత్తో, పిడికిలితో చేయడం అలవాటు చేశారు. బొటనవేలు వాడాల్సి వస్తే రెండో చెయ్యి దాని మీద ఆనించి బరువు వెయ్యమనేవారు. నాకిప్పటివరకూ ఆ నొప్పి లేదు. వరసగా ఎంతమందికి చెయ్యాలో హద్దు పెట్టుకోవడం కూడా అక్కడే నేర్చుకున్నాను. పెళ్ళిళ్ళ సీజన్లో ఆ హద్దు నిలబెట్టుకోవడం కష్టమే, అది వేరే సంగతి.

అన్నిటికన్నా విలువైనది ఎప్పుడు చెయ్యి వెయ్యకూడదో నేర్పడం. ఒకసారి రైల్లో దూర ప్రయాణం చేసి వచ్చిన ఒకావిడ, పిక్క పట్టేసింది, గట్టిగా మర్దనా చెయ్యండి అని వచ్చింది. అక్క రెండు పిక్కలూ పక్కపక్కన చూశారు. ఒకటే వాచి ఉంది, ముట్టుకుంటే వేడిగా ఉంది. నూనె గిన్నె పక్కన పెట్టేసి, ముందు డాక్టర్‌కి చూపించమని వెంటనే పంపించేశారు. లోపలి సిరలో రక్తం గడ్డకట్టిందని తర్వాత తేలింది. దాన్ని రుద్దితే గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి ప్రాణం మీదికి రావచ్చు. ఆరోజు డబ్బు పోయిందే అనుకునేవాళ్ళ దగ్గరైతే నాకు ఈ పాఠం దొరికేది కాదు. జ్వరం, చర్మం మీద ఇన్ఫెక్షన్, ఈమధ్యే అయిన ఆపరేషన్, రక్తం పలచబడే మందులు, గర్భం, ఇవన్నీ అడగకుండా నేనిప్పుడు ఎవరినీ బల్ల ఎక్కించను.

ఇక లోటుపాట్లు. ఎందుకు అని అడిగితే, మా దగ్గర ఇలాగే చేస్తారు అనేదే జవాబు. ఆయుర్వేద అభ్యంగంలో, అంటే ఒళ్ళంతా చేసే నూనె మర్దనాలో, మామూలుగా చెయ్యి వెంట్రుకలు వాలిన దిక్కుగా నడుస్తుంది, కీళ్ళ దగ్గర గుండ్రంగా తిరుగుతుంది. స్వీడిష్ అనే పాశ్చాత్య మసాజ్ పద్ధతిలో కాళ్ళూ చేతుల మీద ఒత్తిడి గుండె వైపుకి వెళ్తుంది. రెండూ ఎందుకలా ఉన్నాయో చెప్పినవాళ్ళు లేరు. ఒంట్లోని విషాలన్నీ మసాజ్‌తో బయటికి పోతాయని అక్క నమ్మకంగా చెప్పేవారు, నేనూ కస్టమర్లకి అదే చెప్పేదాన్ని. దానికి ఆధారం లేదు. కండరాల్లో పేరుకున్న లాక్టిక్ యాసిడ్‌ని మసాజ్ కరిగిస్తుందనే మాటా అలాంటిదే. వ్యాయామం ఆపేశాక గంటా గంటన్నరలో అది దానంతటదే మామూలు స్థాయికి వచ్చేస్తుంది. ఇవన్నీ తర్వాత ఫిజియోథెరపీ చదువుతున్న అమ్మాయి పాత పుస్తకాలు తీసుకుని చదివితే తెలిశాయి. రుషికొండ ఐటీ ఆఫీసుల నుంచి మెడ పట్టేసిందని వచ్చేవాళ్ళకి ట్రపీజియస్ (మెడ వెనక నుంచి భుజాల మీదుగా ఉండే కండరం) ఎక్కడ మొదలై ఎక్కడ అతుక్కుంటుందో తెలిసి చెయ్యడం వేరు, నొప్పి ఉన్నచోట రుద్దడం వేరు. కాబట్టి పనిలో చేరిన రోజే ఒక అనాటమీ (శరీర నిర్మాణం) పుస్తకం కొనుక్కోండి.

డబ్బు సంగతి మొదటే మాట్లాడుకోవాలి. నాకు మొదట్లో బస్సు ఛార్జీలు, మధ్యాహ్నం భోజనం తప్ప ఏమీ ఇవ్వలేదు. ఎప్పటినుంచి జీతమో ఎవరూ చెప్పలేదు, అక్క లేనప్పుడు నేను చేసిన మసాజ్‌లకి కూడా పూర్తి రేటు సెంటర్ ఖాతాలోకే వెళ్ళేది. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. 1961 అప్రెంటిస్ చట్టం కింద రాయించుకున్న శిక్షణ అయితే స్టైపెండ్ (శిక్షణ కాలంలో ఇచ్చే భత్యం) ఇవ్వక తప్పదు. 2016లో వచ్చిన జాతీయ అప్రెంటిస్‌షిప్ పథకంలో అందులో 25 శాతం, నెలకి 1,500 రూపాయలు మించకుండా, కేంద్రమే భరిస్తుంది. నోటిమాట మీద కుదిరిన పనికి ఇవేవీ వర్తించవు.

సర్టిఫికెట్ కావాలంటే, అప్పటికే పని వచ్చినవాళ్ళని పరీక్షించి ఇచ్చే ఆర్‌పీఎల్ (రికగ్నిషన్ ఆఫ్ ప్రయర్ లెర్నింగ్) పద్ధతి ఉంది, ఒక్కో రంగానికి ఉండే స్కిల్ కౌన్సిళ్ళ ద్వారా. పెద్ద హోటళ్ళు ముందు కాగితమే అడుగుతాయి. న్యూయార్క్‌లో అయితే లైసెన్స్‌కి 1,000 గంటల శిక్షణ చూపించాలి, మన దగ్గర అంత పట్టింపు లేదు. అందుకే చెయ్యి తిరగనివాళ్ళు కూడా బోర్డు పెట్టేస్తున్నారు.

ఇంకో మాట. మసాజ్ అనగానే మన ఊళ్ళో మొహాలు మారతాయి. స్పాల మీద పోలీసు దాడుల వార్తలు చదివి మా ఇంట్లో కొన్నాళ్ళు మాట్లాడటం మానేశారు. చంటిపిల్లకి నూనె రాసి నలుగు పెడితే పుణ్యం, అదే పనికి డబ్బు తీసుకుంటే అనుమానం. దీనికి వాదన పనికిరాదు. మా అత్తగారిని ఒకరోజు సెంటర్‌కి తీసుకెళ్ళి మోకాళ్ళకి చేయించాక గొడవ సద్దుమణిగింది.

ఎక్కడ చేరాలో తేల్చుకునే ముందు కస్టమర్‌గా వెళ్ళి డబ్బు కట్టి ఒకసారి చేయించుకోండి. ఆరోగ్యం గురించి అడిగారా, చేస్తున్న చోటు తప్ప మిగతా ఒళ్ళంతా దుప్పటితో కప్పి ఉంచారా, మధ్యలో నొప్పిగా ఉందా అని కనుక్కున్నారా చూడండి. ఆడవాళ్ళకి ఆడవాళ్ళే చేస్తారా అని రిసెప్షన్‌లోనే అడగండి. ఏమీ అడగకుండా నేరుగా నూనె తీశారంటే అక్కడ శిష్యరికం వద్దు, లేచి వచ్చేయండి.