బ్యాట్‌మ్యానా, ఎక్స్‌మెన్నా?

ఈ రెండు కార్టూన్ సిరీస్‌లూ 1992లోనే, అమెరికాలో ‘ఫాక్స్ కిడ్స్’ అనే పిల్లల టీవీ కార్యక్రమాల్లోనే మొదలయ్యాయి. ‘బ్యాట్‌మ్యాన్: ది యానిమేటెడ్ సిరీస్’ సెప్టెంబరులో, ‘ఎక్స్‌మెన్’ అక్టోబరు చివర్లో. ఏది ముందు చూడాలని అడిగితే తడుముకోకుండా బ్యాట్‌మ్యానే అంటాను.

కారణం ఆ చీకటి. సిరీస్ సృష్టికర్తల్లో ఒకడైన ఎరిక్ రాడామ్‌స్కీ నేపథ్య చిత్రాలను నల్ల కాగితం మీద వేయించాడు. అందుకే బ్యాట్‌మ్యాన్ ఉండే గోథమ్ నగరంలో చీకటి పైన పులిమినట్టుండదు. వెలుగే అక్కడక్కడా దాన్ని చీల్చుకుని వస్తుంది. ‘హార్ట్ ఆఫ్ ఐస్’ ఎపిసోడ్‌లో విలన్ మిస్టర్ ఫ్రీజ్‌ను చూడండి. అంతకుముందు మంచు తుపాకీ పట్టిన మామూలు దొంగ. ఇక్కడ భార్య నోరా కోసం లోలోపల కుమిలిపోయే మనిషి. తర్వాత కామిక్స్ కూడా ఆ కథనే తీసుకున్నాయి. జోకర్ అనుచరురాలు హార్లీ క్విన్ అయితే ఈ సిరీస్‌లోనే పుట్టి కామిక్స్‌కీ, సినిమాలకీ వెళ్లింది. ఇక బ్యాట్‌మ్యాన్‌కి డబ్బింగ్ చెప్పిన కెవిన్ కాన్‌రాయ్ గొంతు! ముసుగు లేనప్పటి బ్రూస్ వేన్‌కి ఒకటి, బ్యాట్‌మ్యాన్‌కి ఇంకొకటి.

ఎక్స్‌మెన్ అంటే పుట్టుకతోనే వింత శక్తులున్నందుకు జనం దూరం పెట్టే హీరోల బృందం. ఇందులో బొమ్మలు అంత నిలకడగా ఉండవు. కానీ కథ ఒక ఎపిసోడ్‌తో తెగిపోదు, వివక్ష గురించి పిల్లలతో సూటిగా మాట్లాడుతుంది. 2024లో ‘ఎక్స్‌మెన్ 97’ ఆ పాత కథనే కొనసాగించింది. ఒక బృందంతో ఏళ్ల తరబడి కలిసి నడవాలనుంటే మాత్రం ఇదే పట్టుకోండి.